ఫ్రీ మెయిల్ వాడండి, కానీ ఓటీపీ ఎవరి నంబరుకి పోతుందో ముందు చూసుకోండి

పోయిన ఏడాది ఓ రాత్రి పదకొండింటికి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, మెయిల్ ఓపెన్ అవట్లేదు, ఓటీపీ ఎవరి నంబరుకో పోతోంది" అన్నాడు. పొద్దున్నే తొమ్మిదింటికి వాడికి ఉద్యోగం కోసం ఆన్‌లైన్ పరీక్ష, దాని లింకు ఆ మెయిల్‌లోనే ఉంది. అంతకు వారం ముందే కొత్త ఫోన్ కొని పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాడు, పాస్‌వర్డ్ ఏనాడో మర్చిపోయాడు. స్క్రీన్ మీద నంబరు మొత్తం చూపించరు కదా, చుక్కలు చుక్కలు పెట్టి చివర్లో 47 అని మాత్రం ఉంది. వాడిది కాదు, వాళ్ళమ్మది కాదు, మా బావదీ కాదు. అరగంట బుర్ర గోక్కున్నాక వెలిగింది: ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్ కోసం బస్టాండు పక్కన నెట్ సెంటర్‌కి వెళ్తే, మెయిల్ ఐడీ లేదంటే అక్కడి కుర్రాడు రెండు నిమిషాల్లో చేసిచ్చాడు, తన నంబరు కొట్టి. పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చాడట. ఇప్పుడు ఆ షాపులో కర్రీ పాయింట్ నడుస్తోంది.

పరీక్ష ఎలాగో రాశాడు లెండి, హెచ్‌ఆర్ నంబరు ఇంకో ఫ్రెండ్ దగ్గర ఉండబట్టి. ఆ మెయిల్ మాత్రం ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఫ్రీ మెయిల్ గురించి మాట్లాడితే అందరూ ముందు యాడ్స్ గురించి, ప్రైవసీ గురించి చెబుతారు. అవీ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. నాకు మాత్రం అన్నిటికంటే పెద్ద లోటు ఒకటే కనపడుతుంది: ఏదైనా తేడా వస్తే వెళ్ళి అడగడానికి కౌంటర్ లేదు. బ్యాంకులో సంతకం కలవకపోతే ఆధార్ కార్డు పట్టుకుని బ్రాంచికి పోయి గొడవైనా పెట్టుకోవచ్చు. ఇక్కడ "ఇది నాదే" అని చెప్పుకోవడానికి మనిషి దొరకడు, ఒక ఫారం, దాని వెనకాల ఒక మెషీన్, అంతే. అలాగని వాడొద్దనను. నేనూ ఇరవై ఏళ్ళ పైనుంచి అవే వాడుతున్నాను, నెలకింత కట్టే మెయిల్ కొనుక్కోమని సలహా ఇచ్చే ఉద్దేశం కూడా లేదు.

ఎందుకంటే దీని లాభం చిన్నది కాదు. 1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి హాట్‌మెయిల్ మొదలుపెట్టే నాటికి చాలామందికి మెయిల్ అంటే ఆఫీసు ఇచ్చింది, లేదా ఇంటర్నెట్ కనెక్షన్‌తో వచ్చింది. ఉద్యోగం మారినా కనెక్షన్ మార్చినా అడ్రస్ పోయేది. బ్రౌజర్ ఉన్న ఏ కంప్యూటర్ నుంచైనా పైసా కట్టకుండా చూసుకునే మెయిల్ వచ్చాక ఆ బాధ తీరింది. తర్వాత 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఏకంగా 1 జీబీ ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు, ఎందుకంటే అప్పట్లో హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ. అప్పుడు ఫొటో ఒకటి వస్తే పాత మెయిల్స్ నాలుగు డిలీట్ చేస్తేగానీ చోటుండేది కాదు. జీమెయిల్ ఇన్విటేషన్ కోసం ఫ్రెండ్స్‌ని బతిమాలుకున్న బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి.

అడ్రస్ మారదు అన్న ఆ లాభమే ఇప్పటికీ అసలైంది. ఆఫీసు మెయిల్ రాజీనామా చేసిన చివరి రోజు సాయంత్రానికి మూతపడుతుంది, కాలేజీ ఇచ్చిన మెయిల్ కూడా చదువైపోయాక ఎంతకాలం ఉంటుందో వాళ్ళ చేతిలో పని. కాబట్టి బ్యాంకు, పాన్, పాస్‌పోర్టు, పీఎఫ్, ఇన్సూరెన్స్ వీటన్నిటికీ సొంత మెయిలే ఇవ్వండి. ఆఫీసు మెయిల్‌తో డీమ్యాట్ ఖాతా తెరిచి, ఉద్యోగం మారాక కేవైసీ కోసం తిరిగినవాళ్ళు నాకు తెలిసే ఇద్దరున్నారు.

ఇక సమస్యలకి వద్దాం. మొదటిది స్టోరేజీ. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కి మాత్రమే కాదు, డ్రైవ్‌కీ ఫొటోస్‌కీ కూడా కలిపి. 2021 జూన్ 1 నుంచి ఫోన్ దానంతటదే ఎక్కించే ఫొటోలన్నీ ఇందులోకే లెక్క, 2024 నుంచి ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోనే. అంటే ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన గుడ్ మార్నింగ్ పూలు, పెళ్ళి వీడియోలు, అన్నీ కలిసి మీ ఇన్‌బాక్స్‌ని తినేస్తున్నాయన్నమాట. నిండిపోతే కొత్త మెయిల్స్ రావు. పంపినవాళ్ళకి తిరిగొట్టేస్తుంది, మీకు మాత్రం ఏం రాలేదో కూడా తెలీదు. ఇంటర్వ్యూ కాల్ కోసం ఎదురుచూసే పిల్లలకి ఇది చాలా ప్రమాదం.

ఖాళీ చేయడం సులువే. ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్‌లోకి వెళ్ళి వీడియోలు కలపొద్దని ఆపేయండి, దీంతోనే చాలామందికి సగం తేలికవుతుంది. తర్వాత మెయిల్ సెర్చ్ బాక్సులో ఇంగ్లీషులో లార్జర్ అని రాసి, ఖాళీ వదలకుండా కోలన్ పెట్టి, 10ఎం అని కొట్టండి (larger:10M). 10 ఎంబీ దాటిన మెయిల్స్ అన్నీ వరసగా వస్తాయి, అక్కర్లేనివి తీసేయండి. ట్రాష్ కూడా ఖాళీ చేయాలి, లేకపోతే అవి అక్కడ 30 రోజులు అలాగే కూర్చుని చోటు ఆక్రమిస్తాయి.

ప్రైవసీ సంగతి. యాడ్స్ కోసం మెయిల్స్ చదవడం ఆపేస్తామని గూగుల్ 2017లో చెప్పింది. కానీ మీరు ఏ యాప్‌కి "మెయిల్ చూసుకో" అని పర్మిషన్ ఇచ్చారో దానికది వేరే లెక్క, ఒకసారి అకౌంట్ పేజీలో ఆ లిస్టు చూసి గుర్తులేనివన్నీ పీకేయండి. కంపెనీ కూడా చదవలేని మెయిల్ కావాలంటే స్విట్జర్లాండ్‌లోని ప్రోటాన్, జర్మనీలోని టూటా ఫ్రీగానే ఇస్తున్నాయి, చోటు మాత్రం కొంచెమే. అందులో ఒక మెలిక ఉంది. కంపెనీకే తాళంచెవి ఉండదు కాబట్టి, మీరు పాస్‌వర్డ్ మర్చిపోయి, వాళ్ళు మొదట్లో రాసి దాచుకోమన్న రికవరీ మాటలో కోడో కూడా పారేసుకుంటే, ప్రోటాన్‌లో అకౌంట్ తిరిగొచ్చినా పాత మెయిల్స్ మాత్రం తెరుచుకోవు, టూటాలో అయితే అకౌంటే తిరిగిరాదు. మతిమరుపు ఉన్నవాళ్ళకి నేను వీటిని చెప్పను. ఇక భద్రత అంటారా, పెద్ద కంపెనీ అయితే భయం లేదనుకోకండి, 2013లో జరిగిన హ్యాకింగ్‌లో తమ 300 కోట్ల అకౌంట్లూ చిక్కుకున్నాయని యాహూ 2017లో ఒప్పుకుంది.

అకౌంటే మూసేస్తే? అమెరికాలో ఒక తండ్రి తన చిన్న కొడుక్కి ఇన్‌ఫెక్షన్ వస్తే, డాక్టరు దగ్గర నర్సు అడిగిందని ఫొటో తీశాడు. అది ఫోన్ నుంచి దానంతటదే గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కింది, అక్కడి మెషీన్ దాన్ని పిల్లలపై అఘాయిత్యం కింద పట్టుకుంది. పోలీసులు విచారించి తప్పేమీ లేదని తేల్చారు. 2022లో పత్రికల్లోకి ఎక్కేవరకు వెళ్ళినా గూగుల్ అకౌంట్ వెనక్కివ్వలేదు, మెయిల్స్, ఫొటోలు, కాంటాక్టులు అన్నీ పోయాయి. ఇలాంటివి అరుదే. ఊరికే భయపెట్టడానికి చెప్పలేదు, కాపీ తీసి పెట్టుకోమని చెప్పడానికి. గూగుల్ టేక్అవుట్ అని ఒకటుంది, అందులోకి వెళ్ళి మెయిల్, ఫొటోస్ టిక్ పెడితే కొన్ని గంటల్లో, ఒక్కోసారి రోజుల్లో, డౌన్‌లోడ్ లింకు పంపుతారు. ఏడాదికోసారి హార్డ్‌డిస్కులోకి దింపుకోండి.

ఇప్పుడు అసలు పని, అంటే మా మేనల్లుడి జబ్బుకి మందు. లాగిన్ అయి ఉన్నప్పుడే చేయాలి, లాక్ అయిపోయాక చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ మీద నొక్కి, అకౌంట్ పేజీలో సెక్యూరిటీ అని ఉన్నచోటికి వెళ్ళండి. రికవరీ ఫోన్ ఎవరిది ఉందో చూడండి. నెట్ సెంటర్ వాళ్ళది, పాత సిమ్ది, ఊళ్ళో అన్నయ్యది, ఏది ఉన్నా మార్చి మీది పెట్టండి. రికవరీ ఈమెయిల్ కూడా పెట్టండి, ఇంట్లోవాళ్ళ మెయిల్ అయితే మంచిది, మీరే చేసుకుని ఎప్పుడూ తెరవని రెండో మెయిల్ అయితే వద్దు. ఎందుకంటే రెండేళ్ళు ముట్టుకోని అకౌంట్లని గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేయడం మొదలుపెట్టింది, అప్పుడు గొడుగే ఎగిరిపోయినట్టు.

నంబరు విషయంలో ఇంకో మాట. రీచార్జ్ చేయక డీయాక్టివేట్ అయిన నంబరుని మన దగ్గర 90 రోజులు ఆపి తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఆ కొత్త మనిషి మంచివాడైతే మీ ఓటీపీలు చూసి నవ్వుకుంటాడు, కాకపోతే మీ అకౌంట్ తెరుస్తాడు. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు: ఇండియా సిమ్ బ్యాగు అడుగున ఎక్కడో ఉంటుంది, రీచార్జ్ గురించి ఇక్కడ నాన్నకీ గుర్తుండదు, అక్కడ కొత్త ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవబోతే ఓటీపీ ఆ చచ్చిన నంబరుకి. ఫ్లైట్ ఎక్కకముందే ఈ పని చూసుకోవాలి, ఊరగాయ జాడీలు సర్దడం కంటే ముందు.

ఓటీపీ అక్కర్లేకుండా లోపలికి వెళ్ళే దారి ఒకటి పెట్టుకోండి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక కూడా మీరేనా అని ఇంకోసారి అడిగేది) ఆన్ చేస్తే బ్యాకప్ కోడ్స్ అని పది ఇస్తుంది, ఎనిమిదేసి అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకుని ఊరుకోకండి, పోయేది ఆ ఫోనే అయితే ఏం లాభం? కాగితం మీద రాయండి. మా అక్క తన కొడుకు కొత్త ఐడీ కోడ్స్ రాసిన కాగితాన్ని పట్టాదారు పాస్‌పుస్తకంలో మడిచి బీరువాలో పెట్టింది, ఇంతకంటే గట్టి సెక్యూరిటీ నాకు తెలీదు.

ఇవేవీ చేయకముందే లాక్ అయిపోయారా, అయితే మీరు రోజూ వాడిన ఫోన్ లేదా కంప్యూటర్ నుంచే, ఇంటి వైఫై మీదే రికవరీ ప్రయత్నించండి. కొత్త చోటు నుంచి కొడితే మెషీన్‌కి అనుమానం ఎక్కువ. ఎవరో హ్యాక్ చేసి రికవరీ నంబరు మార్చేసినా, పాత నంబరు ఇంకో వారం వరకు పనికొస్తుంది కాబట్టి వెంటనే కదలండి. బ్యాంకు డబ్బులు కూడా పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూట్యూబ్ కామెంట్లలో "నేను రికవర్ చేసిస్తా" అనేవాళ్ళకి రూపాయి కూడా ఇవ్వొద్దు, వాళ్ళు రెండో దొంగలు.

అలాగే ఒక్క మెయిల్‌నే అన్నిటికీ ఇవ్వకండి. బ్యాంకు, చదువు, ప్రభుత్వ పనులకి ఒకటి, షాపింగ్ మాల్ బిల్లు కౌంటర్‌లో అడిగేదానికి ఇంకొకటి. జీమెయిల్‌లో అయితే పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి షాపింగ్ అని కలిపి ఇచ్చినా మీకే వస్తుంది, దాన్ని బట్టి మీ అడ్రస్ ఎవరు అమ్ముకున్నారో తెలిసిపోతుంది. (కొన్ని వెబ్‌సైట్లు ఆ ప్లస్‌ని ఒప్పుకోవు, వాళ్ళకీ తెలిసినట్టుంది.)

చిన్న షాపో, కోచింగ్ సెంటరో నడుపుతుంటే సొంత డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత మీ షాపు పేరే వచ్చేలా) కొనుక్కోవడం మంచిది, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల్లో అయిపోతుంది. దానికి మెయిల్ చెన్నైకి చెందిన జోహోలో ఐదుగురి వరకు, మనిషికి 5 జీబీ చొప్పున ఫ్రీ ప్లాన్ ఉంది, కాకపోతే ఫ్రీలో థండర్‌బర్డ్ లాంటి వేరే మెయిల్ సాఫ్ట్‌వేర్లకి కలపడం కుదరదు. డొమైన్ మీదైతే రేపు ఆ కంపెనీ నచ్చకపోయినా అడ్రస్ మార్చకుండా ఇంకో చోటికి వెళ్ళిపోవచ్చు. డొమైన్ రెన్యువల్ తారీఖు మాత్రం గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి, దాని రిమైండర్ కూడా మెయిల్‌కే వస్తుంది మరి.