రాకెట్ క్లబ్‌కు నిధులు – నాలుగో పాఠం: మొత్తం అడగొద్దు, ముక్క అడగండి

క్లబ్ డబ్బు ఎవరి పేరున ఉండాలో కిందటి పాఠంలో తేల్చుకున్నాం. విద్యార్థి సొంత ఖాతాలో ఒక్క రూపాయి కూడా పడకూడదు, సలహాదారు సార్ సంతకం లేకుండా క్లబ్ ఖాతాలోంచి బయటికి రాకూడదు. ఇవాళ అసలు పనికి వద్దాం: ఎవరిని అడగాలి, ఏమని అడగాలి.

చాలా క్లబ్బులు ఒకే ఉత్తరం రాసి ఊరంతా పంచుతాయి. "మా రాకెట్‌కు 80,000 కావాలి, తోచినంత సాయం చేయండి." ఇది వినాయక చవితి చందా అడిగినట్టే ఉంటుంది. ఇచ్చేవాళ్లు కూడా అలాగే ఒక నోటు చేతిలో పెట్టి పంపేస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. తమ డబ్బు ఏ వస్తువుగా మారుతుందో మనం వాళ్లకు చూపించలేదు.

అందుకే ఖర్చును ముక్కలు చేయాలి. మొత్తం 80,000 అనుకుని ఒక నమూనా వేద్దాం. గొట్టం, ముక్కు, రెక్కలకు 18,000. పారాచూట్, దాని తాళ్లకు 9,000. ఎలక్ట్రానిక్స్‌కు 14,000. మోటారు, అంటే ఇంధనం మండించి రాకెట్‌ను పైకి తోసే భాగం, దాని బలాన్ని నేల మీదే కొలిచే స్టాండుకు 12,000. పోటీ జరిగే చోటికి ప్రయాణానికి 15,000. అనుకోని ఖర్చులకు 12,000. ఇవి అభ్యాసం కోసం వేసిన అంకెలు. మీ అంకెలు షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్ల నుంచే, జీఎస్టీతో సహా రావాలి. చివరి పద్దును మాత్రం సిగ్గుపడి కొట్టేయకండి, రెక్క విరిగిన రోజున ఆదుకునేది అదే.

ఇప్పుడు ఒక్క ముక్క తీసుకుని ఉత్తరం రాద్దాం. ఎలక్ట్రానిక్స్ అనుకుందాం:

"రాకెట్ పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. నేలకు దగ్గర్లో ప్రతి 100 మీటర్లకు దాదాపు 12 హెక్టాపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) పడిపోతుంది. తగ్గుతున్న పీడనం మళ్లీ పెరగడం మొదలైందంటే రాకెట్ కిందికి తిరిగినట్టు. అప్పుడే పారాచూట్ తెరవాలి, లేకపోతే రాకెట్ నేలను గుద్దుకుంటుంది. ఆ క్షణాన్ని పసిగట్టే బోర్డు, సెన్సార్లు, బ్యాటరీ కలిపి 14,000 రూపాయలు. కొటేషన్ జతచేశాం. ఈ ఒక్క భాగం ఖర్చు మీరు భరించాలని కోరుతున్నాం. పరీక్ష అయ్యాక బిల్లు నకలు, బోర్డు నమోదు చేసిన గ్రాఫు మేమే తెచ్చి చూపిస్తాం."

చదివిన మనిషికి ఆ బోర్డు ఏం చేస్తుందో అర్థమైంది, అది లేకపోతే రాకెట్ ఏమవుతుందో కూడా అర్థమైంది. ఇక ఎంతిద్దామన్న బేరం ఉండదు, ఇద్దామా వద్దా అన్న ఆలోచనే మిగులుతుంది.

ఏ ముక్క ఎవరికి? మిర్యాలగూడ రైస్ మిల్లు యజమానిని సెన్సార్ అడగడం కన్నా, పోటీ జరిగే చోటికి సామాను చేర్చడానికి ఒక డీసీఎం వ్యాను అడగడం మేలు. బండి ఆయన దగ్గర ఉంటుంది, దాని ఖర్చెంతో ఆయనకు తెలుసు. వడ్ల కొనుగోళ్లు నడుస్తున్నప్పుడు మాత్రం వెళ్లకండి. గేటు ముందు లారీల బారు ఉన్న రోజుల్లో మీ మాట వినే తీరిక ఆయనకు ఎక్కడిది? వానాకాలం, యాసంగి పంటల కొనుగోళ్లు ముగిసి మిల్లు కాస్త తెరిపిన పడ్డాక వెళ్లండి. లేథ్ షాపు అన్నను డబ్బు అడగొద్దు, మోటారును పట్టి ఉంచే రింగు తిప్పి ఇమ్మనండి. పారాచూట్ కుట్టుకు మంచి టైలర్ దొరికితే అదీ విరాళమే. దాని విలువను ఖాతా పుస్తకంలో రాయండి.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. దానికి జవాబు ముందే సాధన చేయండి.

"ఏం బాబూ, అది పేలదు గదా?"

"మందు మేము కలపం సార్. పేలుడు పదార్థాలకు 1884 నాటి చట్టం ఉంది, లైసెన్సు లేకుండా ముట్టొద్దు. అనుమతి ఉన్నోళ్ల మోటారే వాడుతం, మా సార్ పక్కనుంటేనే పరీక్ష చేస్తం."

ఇది నోటిమాటగా మిగలకూడదు, మీ క్లబ్ నిజంగా ఇలాగే నడవాలి. యాదగిరిగుట్ట దగ్గర పెద్దకందుకూరులో ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ అనే కంపెనీ రాకెట్లకు వాడే ఘన ఇంధనం తయారుచేస్తుంది. అలాంటి సంస్థను డబ్బు అడిగే ముందు, భద్రత మీద ఒక గంట పాఠం చెప్పమని అడగండి. నా లెక్కలో ఆ గంట చెక్కు కన్నా విలువైనది.

ఇక పెద్ద కంపెనీలు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు రాసేటప్పుడు ఈ మాట మనకు బలం. అయితే రిజిస్ట్రేషన్ లేని క్లబ్‌కు ఆ డబ్బు నేరుగా రాదు. ఉత్తరం మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమో, పాలమూరు విశ్వవిద్యాలయమో, మీరు చదివే చోటి లెటర్‌హెడ్ మీద రిజిస్ట్రార్ సంతకంతో పోవాలి. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి సంక్రాంతి నాటికే పంపండి.

పన్ను మినహాయింపు ఆశ చూపించి అడగొద్దు. అందరూ 80జి అనే ఆ సౌకర్యం అనుమతి పొందిన సంస్థకు ఇచ్చిన డబ్బుకే వర్తిస్తుంది. 2,000 దాటిన నగదుకు, వస్తువుగా ఇచ్చినదానికి రాదు. మీ ఖాతాకు అనుమతి లేకపోతే ఆ సంగతి మీరే ముందు చెప్పండి.

హైదరాబాద్ సంస్థ స్కైరూట్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను ఎగరేసింది. "ఇక్కడి పిల్లలతో అయ్యే పనేనా" అని ఎవరైనా అంటే ఈ తేదీ చెప్పండి.

ఈ వారం అభ్యాసం: మీ ఖర్చులోంచి ఒక్క ముక్క ఎంచుకుని, పై నమూనా చూడకుండా ఎనిమిది వాక్యాల్లో ఉత్తరం రాయండి. ఇంజనీరింగ్ చదవని ఇంటి మనిషికి వినిపించి, "ఆ డబ్బుతో ఏం కొంటారో చెప్పు" అని అడగండి. చెప్పలేకపోతే తిరగరాయండి. రసీదు పుస్తకం, దాతకు పంపే నెలవారీ లెక్క ఐదో పాఠంలో.