స్పానిష్‌లో ‘చెప్పు’, ‘చెప్పండి’: ఆజ్ఞారూపాలు కట్టే పద్ధతి

స్పానిష్ పాఠాల్లో సాధారణంగా ‘తూ’ ముందు వస్తుంది, ‘ఉస్తేద్’ తర్వాత వస్తుంది. తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మర్యాదగా మీరు. పని చెప్పే రూపాల దగ్గర మాత్రం ఈ వరస తిరగేసి నేర్చుకోవడం మేలు. ఉస్తేద్ రూపం కట్టడం వచ్చేస్తే బహువచనమూ, ‘వద్దు’ అని చెప్పే రూపాలూ దాదాపు అన్నీ దాన్నుంచే వస్తాయి. ‘నువ్వు ఈ పని చెయ్యి’ అనే రూపం మాత్రం వేరే దారిలో నడుస్తుంది.

ఇక్కడ స్పానిష్ మాటల్లో ఒత్తి పలకాల్సిన అచ్చును దీర్ఘంగా, మిగతావాటిని హ్రస్వంగా రాశాం. దీర్ఘం కనిపిస్తే సాగదీయకండి, అక్కడ ఒత్తండి. ఉచ్చారణ లాటిన్ అమెరికాది.

ఉస్తేద్ రూపం

ముందు వర్తమానకాలంలో ‘నేను’ రూపం తీసుకోండి. అబ్లార్ అంటే మాట్లాడటం, ఆబ్లొ అంటే మాట్లాడతాను. చివరి ‘ఒ’ తీసేయండి. క్రియ అసలు రూపం ‘ఆర్’తో ముగిస్తే ‘ఎ’ చేర్చండి, ‘ఏర్’ లేదా ‘ఈర్’తో ముగిస్తే ‘అ’ చేర్చండి. అలా ఆబ్లె (మాట్లాడండి), కొమేర్ నుంచి కోమ (తినండి), ఎస్క్రిబీర్ నుంచి ఎస్క్రీబ (రాయండి) వస్తాయి.

మొదటి మెట్టు దాటేసి, అసలు రూపం నుంచే నేరుగా కట్టబోయేవాళ్లు తప్పు చేస్తారు. తెనేర్ నుంచి ‘తేన’ అనేస్తారు. నేను రూపం తేంగొ కాబట్టి సరైనది తేంగ. ఇదే దారిలో దెసీర్, దీగొ, దీగ (చెప్పండి). అసేర్, ఆగొ, ఆగ (చేయండి). బెనీర్, బేంగొ, బేంగ (రండి). క్రియ వేరులో, అంటే చివరి ‘ఆర్’, ‘ఏర్’, ‘ఈర్’ తీసేస్తే మిగిలే భాగంలో, అచ్చు మారే క్రియలకు కూడా ఇంకో నియమం అక్కర్లేదు. సెర్రార్ (మూయడం) నేను రూపంలో స్యేర్రొ అవుతుంది, దాని నుంచి స్యేర్రె తనంతట తనే వస్తుంది.

ఏటీఎం తెర మీద కనిపించే ‘ఇంత్రొదూస్క సు తర్హేత’ (మీ కార్డు పెట్టండి) చూడండి. క్రియ ఇంత్రొదుసీర్. నేను రూపం ఇంత్రొదూస్కొ. ఆ మధ్యలోని ‘క’ అక్కణ్ణుంచే వచ్చింది. అదే తెర మీద ‘ఎస్పేరె’ (ఆగండి), ‘రెతీరె’ (తీసుకోండి), తలుపుల మీద ‘ఎంపూహె’ (నెట్టండి), ‘తీరె’ (లాగండి) కూడా ఉస్తేద్ రూపాలే. చదివిన ప్రతిదాన్నీ వెనక్కి లాగి నేను రూపం దాకా తీసుకెళ్లండి, దీనికి మించిన సాధన లేదు.

నేను రూపం ‘ఒ’తో ముగియని క్రియలకు ఈ దారి పనిచేయదు. వాటిని కంఠస్థం చేయాల్సిందే: సేర్ (ఉండటం) నుంచి సేఅ, ఈర్ (వెళ్లడం) నుంచి బాయ, ఎస్తార్ (ఉండటం) నుంచి ఎస్తే, దార్ (ఇవ్వడం) నుంచి దే, సబేర్ (తెలియడం) నుంచి సేప.

బూస్కె (వెతకండి), పాగె (డబ్బు కట్టండి) రాసేటప్పుడు స్పెల్లింగ్ మారుతుంది. మొదటిదాంట్లో ‘సి’ బదులు ‘క్యు, యు’ వస్తాయి, రెండోదాంట్లో ‘జి’ తర్వాత ‘యు’ వస్తుంది. ‘క’, ‘గ’ శబ్దాలు మారకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. పలకడంలో తేడా ఏమీ లేదు.

బహువచనం

ఉస్తేద్ రూపానికి ‘న్’ చేర్చితే ఎక్కువమందికి చెప్పే ఉస్తేదెస్ రూపం వస్తుంది: ఆబ్లెన్, కోమన్, బేంగన్. తెలుగువాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. మన ‘రండి’ ఒక పెద్దాయనకైనా పదిమందికైనా ఒకటే. స్పానిష్‌లో అలా కాదు. ఒక్కరే ఉంటే ఎంత గౌరవమున్నా బేంగ అనే అనాలి. గౌరవం కోసమని బేంగన్ అంటే, ఇంకెవరిని పిలుస్తున్నారా అని ఆయన వెనక్కి చూస్తాడు.

తూ రూపం

‘నువ్వు చెయ్యి’ అనడానికి, వర్తమానంలో ‘అతను/ఆమె’ రూపాన్ని ఉన్నదున్నట్టు వాడాలి: ఆబ్ల, కోమె, ఎస్క్రీబె. ఎనిమిది క్రియలు మాత్రం పొట్టిగా మారిపోతాయి: దీ (చెప్పు), ఆస్ (చెయ్యి), బే (వెళ్లు), పోన్ (పెట్టు), సాల్ (బయటికి వెళ్లు), సే (ఉండు), తేన్ (కలిగి ఉండు, ‘ఇదిగో తీసుకో’ అనడానికి కూడా), బేన్ (రా). రోజూ నోట్లో నానే మాటలు కాబట్టి వీటిని వెంటనే నేర్చుకోండి.

‘వద్దు’ అన్నప్పుడు తూ మళ్లీ ఉస్తేద్ దారికే వస్తుంది. ఉస్తేద్ రూపానికి ‘స్’ చేర్చి ముందు ‘నో’ పెట్టండి: నో ఆబ్లెస్ (మాట్లాడకు), నో దీగస్ (చెప్పకు), నో బాయస్ (వెళ్లకు). ‘నో ఆబ్ల’ అంటే ఆజ్ఞ కాదు, ‘అతను మాట్లాడడు’ అని అర్థం. మొదట్లో చాలామంది చేసే తప్పు ఇదే. తెలుగులోనూ ‘చెప్పు’కు వ్యతిరేకం ‘చెప్పకు’, రూపమే మారుతుంది కదా. ఉస్తేద్, ఉస్తేదెస్‌లకు ఈ ఇబ్బంది లేదు, ముందు ‘నో’ పెడితే చాలు.

నాకు, దాన్ని, వాళ్లకు

పని చేయమన్నప్పుడు సర్వనామాలు క్రియ వెనక అతుక్కుంటాయి. వద్దన్నప్పుడు ముందుకొచ్చి విడిగా నిలబడతాయి. దీమెలొ (అది నాకు చెప్పు), నో మె లొ దీగస్ (అది నాకు చెప్పకు). స్యేంతెసె (కూర్చోండి), నో సె స్యేంతె (కూర్చోకండి). ‘ఎవరికి’ అన్నది ముందు, ‘దేన్ని’ అన్నది తర్వాత. ‘లె’, ‘లొ’ పక్కపక్కన వస్తే ‘లె’ కాస్తా ‘సె’ అవుతుంది: దీగసెలొ (అది ఆయనకు చెప్పండి).

వెనక ఎన్ని అతికినా ఒత్తు పాత చోటే ఉండాలి. అందుకే దీగకు రాతలో ఒత్తుగుర్తు (అచ్చు మీద పెట్టే ఏటవాలు గీత) ఉండదు కానీ, దీగమెలొ రాసేటప్పుడు ‘దీ’లోని అచ్చు మీద తప్పకుండా పెట్టాలి.

దేశాన్ని బట్టి

స్పెయిన్‌లో చాలాచోట్ల స్నేహితుల గుంపుతో ఉస్తేదెస్ వాడరు, ‘బొసోత్రొస్’ వాడతారు. అసలు రూపంలో చివరి ‘ర్’ తీసి ‘ద్’ పెడితే చాలు: అబ్లాద్, కొమేద్, ఎస్క్రిబీద్. ‘మీరు కూర్చోండి’ వంటి, వెనక ‘ఒస్’ అతికే వాటిలో ఆ ‘ద్’ పోయి సెంతాఒస్ అవుతుంది. ‘వెళ్లిపోండి’ అనడానికి మాత్రం వ్యాకరణం ప్రకారం ‘ద్’ ఉంచి ఈదొస్ అనాలి. జనం మాత్రం ఈరొస్ అంటారు, 2017లో స్పానిష్ రాయల్ అకాడమీ దాన్నీ అంగీకరించింది. లాటిన్ అమెరికాకు వెళ్లేవాళ్లు బొసోత్రొస్‌ను అర్థం చేసుకుంటే చాలు, కట్టడం నేర్చుకోనక్కర్లేదు.

అర్జెంటీనాలో తూ బదులు ‘బోస్’ వినిపిస్తుంది. చివరి ‘ర్’ తీసేసి చివరి అచ్చును ఒత్తాలి: అబ్లా, కొమే, బెనీ. ఆబ్ల అనడానికీ అబ్లా అనడానికీ ఒత్తు చోటే తేడా. ఈర్ మాత్రం అందా అవుతుంది.

ఎవరికి ఏది

స్పెయిన్‌లో దుకాణంలో కొత్తవాళ్లు కూడా ‘తూ’ అంటారు. కొలంబియా రాజధాని బొగోటాలో ఇంట్లోవాళ్ల మధ్య కూడా ‘ఉస్తేద్’ వినబడుతుంది. తెలియని చోట పెద్దవాళ్లతో ఉస్తేద్‌తో మొదలుపెట్టి, వాళ్లు తూ అనమంటే మారండి.

ఇక కాఫీ అడగడానికి ఆజ్ఞ రూపం అసలు వాడకపోవడమే బాగుంటుంది. ఏమన్నా కావాలంటే ప్రశ్నగా అడగడం స్పెయిన్‌లోనూ కొలంబియాలోనూ రివాజు. స్పెయిన్‌లో ‘మె పోనెస్ ఉన్ కఫే?’ అంటారు. కొలంబియాలో ‘మె రెగాల ఉన్ తీంతొ?’ అంటారు. రెగాల అంటే బహుమతిగా ఇస్తారా అని, అయినా డబ్బులు మాత్రం ఇవ్వాలి. అక్కడ తీంతొ అంటే పాలు లేని కాఫీ. అదే మాట స్పెయిన్‌లో అంటే ఎర్ర వైన్ తెచ్చిస్తారు.