వాన పుస్తకం, 4వ పాఠం: ఏడాది పక్కన ఒక అక్షరం

పోయిన పాఠంలో సీసా కోసి వాన కొలిచే డబ్బా చేసుకున్నాం. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి చూసి రాయమన్నాను. కొన్ని రోజులు మర్చిపోయుంటారు, పర్వాలేదు, నేనూ ఆ బాపతే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను రాత్రి నా సీసా గాలికి పడిపోయింది. రాసి తీరాల్సిన రోజున పుస్తకంలో ఖాళీ! అప్పట్నుంచి నాలుగు ఇటుకల మధ్య పెడుతున్నాను.

ఈసారి రాసింది చదవడం నేర్చుకుందాం. పాత లెక్కలు లేనివాళ్లు మండల ఆఫీసులో నెలవారీ వాన లెక్క అడగండి. ఏడాదిని రెండు ముక్కలు చేసి రాసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు ఈశాన్యం. రెండూ కలిపేస్తే అసలు సంగతి కనపడదు. నెల్లూరులో రెండో ముక్కే పెద్దది. మార్కాపురం, గిద్దలూరు వైపు పోయేకొద్దీ మొదటి ముక్క బరువు పెరుగుతుంది.

ఇప్పుడు ఏడాది పక్కన ఒక అక్షరం వేయాలి. పసిఫిక్ సముద్రం నడిమిన, తూర్పున పైనీళ్లు మామూలు కంటే వేడెక్కి నెలల తరబడి అలాగే ఉంటే ఎల్ నినో, దానికి ‘ఎ’. చల్లబడితే లా నినా, దానికి ‘లా’. రెండూ కాకపోతే అడ్డగీత. ఇది మన పొగ వల్ల పుట్టింది కాదు, కొన్నేళ్లకోసారి వస్తూ పోతూ ఉండే పాత అలవాటు. 2002, 2009, 2015, 2023లకి ‘ఎ’ వేయండి. 2010, 2020, 2021, 2022లకి ‘లా’.

మామూలుగా ‘ఎ’ ఏడాది నైరుతి తగ్గుతుంది, మన తీరంలో ఈశాన్యం పుంజుకుంటుంది. ‘లా’ ఏడాది దానికి తిరగేసి. అంటే కనిగిరిలో కంది ఎండిపోయిన ఏడాదే నెల్లూరులో నారుమడి మునగొచ్చు. 2015 సరిగ్గా ఇలాగే నడిచింది. దేశమంతటా నైరుతి ముఖం చాటేసింది, నవంబరులో మన నెల్లూరు జిల్లా నీళ్లలో ఉంది.

మరి 2021? ‘లా’ ఏడాది కాబట్టి ఈశాన్యం నీరసంగా ఉండాలి. కానీ ఆ నవంబరులోనే నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర వరదకి రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఇక్కడే చాలామంది పెన్సిల్ పక్కన పెట్టేస్తారు. పెట్టకండి. అక్షరం జోస్యం కాదు. పచ్చీసు ఆటలో గవ్వకి ఒకవైపు కాస్త మైనం అంటించినట్టు, అంతే. ఎక్కువసార్లు అటే పడుతుంది, ప్రతిసారీ కాదు.

ఇంకో సంగతి. ఆ వరదని మీ సీసా పూర్తిగా చూపించదు. వాన కడప, చిత్తూరు వైపు దంచింది, చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగింది, ఆ నీళ్లు పెన్నాలో కలిసి సోమశిల మీదుగా మన మీదికొచ్చాయి. అందుకే పుస్తకంలో ‘పైవాన’ అని ఇంకో గడి గీయండి.

ఇక వేడెక్కుతున్న భూమి సంగతి. అక్షరం వస్తుంది, పోతుంది. ఇది పోదు, ఏటికేడాది అడుగున పేరుకుంటుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు. పట్టిందంతా కురవాలని లేదు గానీ, కురిసిందనుకుని లెక్క వేద్దాం. 200 మిల్లీమీటర్లు కురిసే వాయుగుండం 214 కురిసింది. పెరిగింది పద్నాలుగే కదా అనిపిస్తుంది. ఎకరానికి ఆ పద్నాలుగే 56 వేల లీటర్ల పైన, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు. చెరువు పైన అలాంటి ఎకరాలు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకుంటే అలుగు ఎందుకు చాలడం లేదో తెలుస్తుంది.

ఈ పెరుగుదల మీ పుస్తకంలో దొరుకుతుందా? ‘ఎ’ ఏడాదిని ‘ఎ’ ఏడాదితోనే పోల్చండి, ‘లా’ని ‘లా’తోనే. రోజుకి 64.5 మిల్లీమీటర్లు దాటిన రోజులు లెక్కపెట్టండి, వాతావరణ శాఖ భారీ వర్షమనేది అక్కణ్ణుంచే. ముప్పై ఏళ్ల లెక్క లేకుండా మాత్రం తీర్పు చెప్పకండి. ఒక్క మండలం లెక్కతో భూమి వేడెక్కిందని గానీ, వేడెక్కలేదని గానీ వాదించేవాళ్లతో నాకు ఓపిక లేదు.

మా వీధిలో వలలు బాగుచేసే పెద్దాయనకి ఈ పట్టీ చూపించాను. 1989 దగ్గర వేలు పెట్టి, “ఇదేంది నాయనా, గీత గీశావు?” అన్నాడు. ఆ నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను థాయిలాండ్ దాటుకుని వచ్చింది. పసిఫిక్ మాత్రం అప్పుడు ‘ఎ’ కాదు, ‘లా’ కాదు. అదే చెప్పాను.

ఆయన కాసేపు చూసి, “అయితే ఆ గీత పక్కన మా పడవ పోయిందని రాసుకో” అన్నాడు.

రాశాను. మీరూ చివర ‘నష్టం’ అని ఒక గడి వదలండి, వచ్చే పాఠం దాంతోనే మొదలు.