పాత కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్: దరఖాస్తు విధానం

తాతగారి కాలం నాటి అంబాసిడర్‌నో, ఫియట్‌నో, విల్లీస్ జీపునో బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారు సాధారణంగా ముందు విజయవాడ ఆటోనగర్‌లోని షెడ్డుకు, పని పూర్తయ్యాక రవాణా శాఖ కార్యాలయానికి వెళ్తుంటారు. ఈ వరుస తిరగబడాలి. షెడ్డులో చేసే పనిని బట్టే ఆ బండికి వింటేజ్ గుర్తింపు దక్కుతుందో లేదో తేలుతుంది కాబట్టి, కాగితాలు సరిచూసుకున్నాకే మేస్త్రీ చేత పని మొదలుపెట్టించాలి.

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2021 జూలైలో చేర్చిన 81ఎ మొదలైన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకానికి చెందిన ద్విచక్ర వాహనాలు, కార్లు వింటేజ్ కిందికి వస్తాయి. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్‌లో (బండి అడుగు చట్రంలో) గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజిన్‌లో గానీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. పాత ఇంజిన్ తీసేసి కొత్త డీజిల్ ఇంజిన్ బిగించిన జీపు ఎంత ముద్దుగా ఉన్నా ఈ నిర్వచనంలో ఇమడదు.

అన్నిటికంటే ముఖ్యం చాసిస్ నంబరు. బండికి అదే ఆనవాలు. సి-బుక్కు, అంటే ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్)లోని నంబరుతో చాసిస్ మీద, ఇంజిన్ మీద కొట్టిన నంబర్లు సరిపోలకపోతే, యజమాని వాదన విన్న తర్వాత రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. తుప్పు వదిలించే హడావుడిలో గ్రైండర్ పెట్టి అంకెలు సగం అరగదీసిన చాసిస్‌ను నేను కళ్లారా చూశాను. ఆ యజమాని ముఖం ఇప్పటికీ గుర్తుంది. అందుకే నంబరున్న చోట కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో మాత్రమే తుడిపించండి. ఆపైన పల్చటి తెల్లకాగితం పరచి, పెన్సిల్‌తో మెల్లగా రుద్ది ప్రింటు తీసుకొని, సి-బుక్కుతో ఒక్కొక్క అంకె పోల్చుకోండి. పెయింటుకు ముందే ఈ పని అయిపోవాలి.

నంబర్లు సరిపోలితే కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు అయిన పరివాహన్ పోర్టల్ ద్వారా ఫారం 20లో దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్ పాలసీ, నిర్ణీత రుసుము, ఇక్కడ ఇదివరకే రిజిస్టరైన బండి అయితే పాత ఆర్‌సీ, విదేశం నుంచి దిగుమతి చేసుకున్నదైతే కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) జతపరచాలి. నిబంధనల్లో పేర్కొన్న రుసుము కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత చేయించే రీరిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిటీ బండిని పరిశీలించి, వింటేజ్‌గా అర్హమైనదని తేల్చాలి. అర్హత ఉంటే 60 రోజుల్లోగా ఫారం 23ఎలో సర్టిఫికెట్ ఇస్తారు. అది పదేళ్లు చెల్లుతుంది. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు. ఆ పాత అక్షరాల్లోనే బండి చరిత్ర ఉంది కనుక దాన్ని వదులుకోవద్దనే నా సలహా. కొత్తగా రిజిస్టరయ్యే బండికి ఏపీ తర్వాత వీఏ, ఆపై రెండక్షరాల సిరీస్, నాలుగంకెల సంఖ్య వస్తాయి.

ఈ రిజిస్ట్రేషన్‌తో రోజూ ఆఫీసుకో, గుంటూరు నుంచి విజయవాడకు సొంత పనుల మీదో తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు వంటి అవసరాలకే బండి రోడ్డెక్కాలి. కిరాయికి తిప్పకూడదు.

అసలు రూపం మారిన బండ్లది వేరే దారి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇంజిన్ పాడై మార్చక తప్పకపోతే, రిజిస్టరింగ్ అధికారి నుంచి ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకొని, ఆ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి.

ఇక రెప్లికాలు. పాత మోడల్ ఆకారంలో కొత్తగా రేకులు కొట్టి, చాసిస్ కట్టి తయారుచేసిన బండికి వయసు లేదు కనుక వింటేజ్ గుర్తింపు రాదు. దాన్ని కొత్త వాహనంగా రిజిస్టర్ చేయాలంటే కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 126వ నిబంధన కింద, పుణెలోని ఏఆర్‌ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) వంటి పరీక్షా సంస్థ ఆ నమూనాను ఆమోదించి ఉండాలి. షెడ్డులో ఒకే ఒక్కటి కట్టిన బండికి అది దాదాపు అందని పని. దానికి తుక్కులో పోయిన మరో బండి సి-బుక్కు తగిలించి అమ్మజూపితే, ధర ఎంత తక్కువైనా అడ్వాన్సు ఇవ్వకండి. ముందు పెన్సిల్ ప్రింటు అడగండి.