ఇంట్లో వడ్రంగం, నాలుగో పాఠం: దుమ్ము వేరు, వాసన వేరు

పోయిన పాఠంలో స్టూలుకి కాళ్లు బిగించి జిగురు ఆరడానికి వదిలేశాం. లెక్క ప్రకారం ఈసారి శాండ్ పేపర్ చేతికి తీసుకోవాలి. తీసుకునే ముందు ఒక పాఠం ఆగుదాం. ఇప్పటిదాకా రంపం, చిత్రిక, ఉలితో చేసిన పనిలో జాగ్రత్తంతా వేళ్ల గురించే, ఇక మీదట ఊపిరితిత్తుల గురించి కూడా.

కొత్తగా నేర్చుకునేవాళ్లలో నేను తరచూ చూసేది ఇది. థిన్నర్ డబ్బా మూత తీస్తే ముక్కు మూసుకుంటారు, టేకు ముక్క రుద్దేటప్పుడు మాత్రం వాసన బాగుందని దగ్గరికి వంగి మరీ పీలుస్తారు. థిన్నర్‌కి భయపడాల్సిందే, దాని సంగతి కిందకి వస్తాను, కానీ ఇంట్లో పని చేసుకునేవాళ్లు మొదట భయపడాల్సింది దుమ్ముకే. అది ఘాటుగా ఉండదు, కళ్లు మండించదు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్ముని మొదటి వర్గంలో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటి వరుసలో. ముఖ్యంగా ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే క్యాన్సర్ అది. టెన్షన్ పడకండి, ఆ రుజువులు ఎక్కువగా ఫర్నిచర్ పనిలో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాళ్లవి, ఆదివారం ఒక స్టూలు చేసుకుంటే వచ్చేది కాదు. ఆస్తమా, ఎలర్జీ మాత్రం అన్నేళ్లు ఆగవు. కొందరికి ఒక రకం చెక్క కొన్నాళ్లు ఏమీ చేయదు, తర్వాత ఒకరోజు హఠాత్తుగా పడదు, ఒకసారి పడకపోవడం మొదలైందంటే ఆ పైన కొంచెం దుమ్ముకే దగ్గు, దురద వచ్చేస్తాయి.

ఇందులో అసలు విషయం రేణువు సైజు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్, మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల లోపు రేణువు ముక్కు, గొంతు దాటి లోపలికి దిగిపోతుంది, అంత చిన్నది ఒక్కొక్కటిగా మన కంటికి కనపడదు. రంపం కింద కుప్పగా పడే పొట్టుతో పెద్ద ఇబ్బంది లేదు, చీపురుతో ఎత్తి పారేస్తాం. 220 నంబరు శాండ్ పేపర్ నుంచి (నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది), రుద్దే చేతి మిషన్ నుంచి లేచి గంటల తరబడి గాలిలో తేలుతూ ఉండేదే హాని చేసేది. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో బొమ్మలు చెక్కేవాళ్ల పక్కన కూర్చుంటే తేడా తెలుస్తుంది. ఉలి దెబ్బకి పెళ్లలు, పెచ్చులు లేస్తాయి, అవి నేల మీదే పడతాయి. అదే ముక్కని నునుపు చేయడం మొదలుపెట్టగానే గాలి మారిపోతుంది. కాబట్టి మొదటి సలహా, చిత్రికతో అయ్యే పనిని చిత్రికతోనే చేయండి. చెక్కని ఎంత నునుపుగా చిత్రిక పడితే శాండ్ పేపర్ పని అంత తగ్గుతుంది, మనకి సగం రక్షణ అక్కడే దొరుకుతుంది.

రెండోది, ఎక్కడ చేస్తారన్నది. మిద్దె మీదో, వరండాలోనో చేస్తే అంతకంటే మంచిది లేదు. గదిలోనే తప్పదంటే సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఎండాకాలం తిరుపతిలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కష్టమే, నలభై డిగ్రీలు దాటే రోజులు మనకి కొత్త కాదు, కానీ సీలింగ్ ఫ్యాన్ కిందపడిన దుమ్ముని మళ్లీ మళ్లీ లేపి మీ ముఖానికే కొడుతుంది. దాని బదులు ఒక టేబుల్ ఫ్యాన్‌ని కిటికీలో బయటికి ఊదేలా పెట్టి, ఎదురు వైపు తలుపు తెరిచి ఉంచండి. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు పోవాలి. మన దగ్గర అసలు ఇబ్బంది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల ముసురులో. జల్లు లోపలికి కొడుతుందని కిటికీలన్నీ బిగించేసి పని మొదలుపెడతారు. ఆ రోజుల్లో రుద్దే పని పెట్టుకోకండి, కొలతలు గీసుకోండి, ఉలులు నూరుకోండి.

మాస్కు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మూతికి కట్టుకునే తువ్వాలు, సర్జికల్ మాస్కు ఈ పనికి చాలవు, పక్కల నుంచి గాలి అలాగే వెళ్లిపోతుంది. ఎన్95 కొనండి, లేదా మన దేశ ప్రమాణం ఐఎస్ 9473 అని ముద్ర ఉన్న, అలాంటిదే అయిన ఎఫ్ఎఫ్‌పీ2 కొనండి. ఎన్95 అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుందని, అది కూడా ముఖానికి అతుక్కుని కూర్చుంటేనే. పెట్టుకున్నాక గట్టిగా ఊదండి, కళ్లజోడు మసకబారితే ముక్కు దగ్గర సందు ఉన్నట్టు, పైనున్న రేకుని నొక్కి సరిచేయండి. గడ్డం ఉంటే ఏ మాస్కూ సరిగ్గా కూర్చోదు. మన వైపు మొక్కు గడ్డాలు ఎక్కువ కదా, అలాంటివాళ్లు ఈ రుద్దే పనిని కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చాక పెట్టుకోవడం మంచిది. మొక్కు ముఖ్యం, ఊపిరీ ముఖ్యం, స్టూలు ఆగుతుంది.

పని అయ్యాక బట్టలు దులపకండి, గాలి గొట్టంతో అసలే కొట్టుకోకండి. తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనర్ సన్నటి దుమ్ముని వెనక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది, సన్నటి దుమ్ముని కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టర్ ఉన్నదైతేనే వాడండి.

ఇక ఏ చెక్క అన్నది. టేకు, రోజ్‌వుడ్ దుమ్ము చాలామందికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. మామిడి సొన తగిలి మూతి పొక్కినవాళ్లు చిత్తూరు జిల్లాలో ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్లు మామిడి చెక్క రుద్దేటప్పుడు ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. ఎమ్‌డీఎఫ్, పార్టికల్ బోర్డు (చెక్క పొడిని, ముక్కల్ని జిగురుతో అదిమి చేసే పలకలు) కోసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి, చెక్క దుమ్ముతో పాటు అందులోని ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా లోపలికి పోతుంది. ఎర్రచందనం ముక్క చవకగా ఇస్తామని ఎవరైనా వస్తే కాగితాలు లేకుండా ముట్టుకోకండి, అక్కడ ప్రమాదం ఆరోగ్యానికి కాదు, కేసు అవుతుంది.

శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చే ప్యాకింగ్ ప్యాలెట్లు, అంటే సరుకు పెట్టి మోసే చెక్క చట్రాలు, చవకని చాలామంది కొంటున్నారు. మంచి ఆలోచనే, కానీ దిగుమతి ప్యాలెట్ మీద గోధుమ కంకి గుర్తు పక్కన ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి పురుగు చంపినది, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, వదిలేయండి. దేని డ్రమ్ములు మోసిందో తెలియని నూనె మరకల ప్యాలెట్ ఎంత చవకైనా వద్దు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది పాత తలుపుల గురించి. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు మంచి టేకు తలుపులు, ద్వారబంధాలు వస్తాయి, వాటి మీద నాలుగైదు పొరల ఎనామిల్ ఉంటుంది. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న రూలు మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉందనే అనుకుని పని చేయండి. దాన్ని పొడిగా రుద్దితే సీసం దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, నేల మీద పాకే పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకి ఇంత సీసం అయితే పర్వాలేదు అనే హద్దు ఏదీ లేదు. మంటతో కాల్చి ఊడదీయడం మన దగ్గర అలవాటు, అది ఇంకా చెడ్డది, సీసం పొగై లేస్తుంది. నీళ్లు చల్లుతూ, తడిగా ఉండగానే గీకండి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి పెచ్చులన్నీ మూటకట్టండి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి. ఇవన్నీ కుదరకపోతే ఆ తలుపు కొనొద్దు.

ఇప్పుడు వాసన సంగతి. ఎన్95 మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు, ఇది చాలామందికి తెలియదు. దుమ్ము రేణువు కాబట్టి వడకట్టగలం, ఆవిరి గాలిలో కలిసిపోతుంది, దానికి ఆవిరిని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ (ఒక రకం బొగ్గు) డబ్బాలున్న మాస్కు కావాలి. ఆ డబ్బాలు గాలి తగిలితే ఊరికే కూడా ఖర్చయిపోతాయి, పని అవగానే జిప్ కవర్లో పెట్టండి, మాస్కు లోపల వాసన తెలిసిందంటే మార్చేయండి. థిన్నర్లలో తరచూ కలిసే టోలుయీన్ అనే రసాయనం దాదాపు 4 డిగ్రీల వేడికే నిప్పంటుకునే ఆవిరి వదులుతుంది, మన ఊళ్లో అంత చల్లటి రోజు ఎప్పుడూ ఉండదు. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పక్క గదిలోకి పోతుంది. దేవుడి గదిలో దీపం, వంటింట్లో స్టవ్ ఆర్పకుండా మూత తీయకండి. చేతికి అంటిన వార్నిష్‌ని థిన్నర్‌తో కడక్కండి, కొబ్బరినూనె రాసి తుడిచి సబ్బుతో కడుక్కోండి.

చెక్కకి అవిసె నూనె పట్టించిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో అది బయటికి పోలేక పెరుగుతుంది. ఒక్కో గుడ్డని విడిగా ఆరుబయట పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూతున్న రేకు డబ్బాలో పెట్టండి. ఫెవిక్విక్‌లాంటి గమ్‌ని కూడా కాటన్ గుడ్డతో తుడవకండి, చేయి కాలేంత వేడెక్కుతుంది. మామూలు తెల్ల వడ్రంగి జిగురుతో ఈ భయాలేవీ లేవు.

సెలవు రోజుల్లో తగ్గి, పని రోజుల్లో పెరిగే దగ్గు గానీ, ముక్కులో ఒక వైపే పదే పదే రక్తం రావడం గానీ ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వెళ్లినప్పుడు చెక్క పని చేస్తానని మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

ఈ వారం పని చిన్నదే. మాస్కు పెట్టుకుని పనికిరాని ముక్క ఒకటి చీకటి పడ్డాక పది నిమిషాలు రుద్దండి, లైట్లు ఆర్పి టార్చి వెలుగుని అడ్డంగా వేసి చూడండి, గాలిలో తేలేది కనపడుతుంది. ఫ్యాన్‌ని కిటికీలో బయటికి తిప్పి మళ్లీ చూడండి. ఎంతసేపటికి గాలి తేటపడిందో రాసి పెట్టుకోండి, మీ గదిలో రుద్దడం ఆపాక కనీసం అంతసేపు మాస్కు తీయకూడదు. వచ్చే పాఠంలో స్టూలు పైపలకని 120 నంబరుతో మొదలుపెట్టి 220 దాకా తీసుకెళ్దాం.