చికాగోలో లాటినో పండగలు, బొమ్మలు, నాటకాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వెళ్లాలి

చికాగో వచ్చిన మనవాళ్లలో చాలామంది డెవాన్ వీధిలో కూరగాయలు కొనుక్కుని, అరోరా బాలాజీ గుడికి వెళ్లొచ్చి, మిగతా వారమంతా ఆఫీసు, ఇల్లు అన్నట్టు గడిపేస్తారు. నేనూ మూడేళ్లు అదే చేశాను. 2020 జనాభా లెక్కల్లో ఈ నగరంలో దాదాపు 30 శాతం మంది లాటినోలని (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లని) తేలింది. అంటే ప్రతి పదిమందిలో ముగ్గురు. ఆ ముగ్గురి పాటలు, బొమ్మలు, పండగలు ఏంటో తెలియకుండానే ఇక్కడ ఏళ్లు గడిపేయొచ్చు, అది ఎంత తేలికో నాకు బాగా తెలుసు. కొత్తగా వచ్చిన స్నేహితులు అడిగినప్పుడల్లా ఫోన్లో చెప్పేదే ఇప్పుడు రాస్తున్నా.

మొదట ఒక్క విషయం. "లాటినో పండగకి వెళ్దాం" అనుకుని బయల్దేరకండి, అది ఎవరి పండగో తెలుసుకుని బయల్దేరండి. మనల్ని ఎవరైనా "మీ ఇండియన్ భాషలో" అంటే ఎలా ఉంటుంది? తెలుగు, పంజాబీ, బెంగాలీ అన్నీ ఒకే గంపలో వేసినట్టు ఉంటుంది కదా. మెక్సికో వాళ్లని, పోర్టోరీకో వాళ్లని, కొలంబియా వాళ్లని కలిపేసినా అంతే. పోర్టోరీకో వాళ్లని వీసా గురించి అస్సలు అడగకండి, వాళ్లకి 1917 నుంచీ అమెరికా పౌరసత్వం ఉంది. బ్రెజిల్ వాళ్లు మాట్లాడేది స్పానిష్ కాదు, పోర్చుగీసు. నేను మొదటి ఏడాది మే 5న ఒక సహోద్యోగికి "మీ స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు" చెప్పి నవ్వులపాలయ్యాను. అది 1862లో మెక్సికో సైన్యం పుయెబ్లా దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజు. మెక్సికో స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16. పైగా ఆయనది గ్వాటెమాలా!

మొదటిసారి అయితే పిల్సెన్ అనే మెక్సికన్ పేటకి వెళ్లండి, ఇంకో ఆలోచన వద్దు. పింక్ లైన్ రైలెక్కి 18వ వీధి స్టేషన్‌లో దిగితే మెట్ల దగ్గర్నుంచే గోడల నిండా బొమ్మలు మొదలవుతాయి. పేరు చెక్ దేశపు ఊరిది, ఎందుకంటే 19వ శతాబ్దంలో ఇక్కడ ఉన్నది బొహీమియా నుంచి వచ్చినవాళ్లు. ఇప్పుడు కచేరీలు జరిగే థాలియా హాల్ కూడా 1892లో వాళ్లు కట్టిందే. 1960లలో పక్క పేటలో యూనివర్సిటీ కట్టడం కోసం ఇళ్లు కూల్చేస్తే అక్కడి మెక్సికన్ కుటుంబాలు చాలావరకు ఇటు వచ్చాయి. గోడల మీద బొమ్మలు చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే అవి అలంకారంగా కాకుండా వేరేగా కనిపిస్తాయి.

స్టేషన్ నుంచి కాస్త నడిస్తే హారిసన్ పార్కులో నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్. 1982లో కార్లోస్ తోర్తొలెరో అనే టీచరు, తోటి టీచర్లు కలిసి 900 డాలర్లతో మొదలుపెట్టిన సంస్థ ఇది, 1987లో ఈ పార్కు భవనంలో తలుపులు తెరిచింది. అప్పటి నుంచీ టికెట్ లేదు. ఎవరైనా ఉచితంగా లోపలికి వెళ్లొచ్చు. సోమవారం మాత్రం మూసేస్తారు. లాంగ్ వీకెండ్ సోమవారం చుట్టాలందరినీ వెంటేసుకుని వెళ్లి, తాళం చూసి వెనక్కొచ్చిన అనుభవం నాది, మీరు చేయకండి. లోపల హడావుడిగా తిరగాల్సిన పని లేదు. టికెట్ లేదు కాబట్టి ఒకరోజు రెండు గదులు చూసి, ఇంకోరోజు మళ్లీ రావచ్చు. పిల్లలుంటే ఇదే సరైన పద్ధతి. బయటికొచ్చే ముందు దుకాణంలోకి తొంగి చూడండి, మెక్సికో చేతిపని వస్తువులు మంచివి దొరుకుతాయి.

తర్వాత నడక. 16వ వీధి వెంట రైలు కట్ట గోడ ఉంది, దాని మీద బ్లాకుల కొద్దీ బొమ్మలే, హాల్‌స్టెడ్ వైపు నుంచి పడమరకి నడుచుకుంటూ వెళ్తే గంట ఎలా గడిచిందో తెలియదు. కలర్టన్ వీధిలో ఎక్టర్ దుఆర్తే అనే చిత్రకారుడు తన సొంత ఇంటి గోడల మీదే లిల్లీపుట్ల కథలోని గలివర్‌ని పెద్దగా గీశాడు. ఆ గలివర్ ముళ్లతీగల్లో చిక్కుకుని గింజుకుంటూ ఉంటాడు. వలస వచ్చినవాడి బొమ్మ అది. దాని ముందు నిలబడితే హెచ్1బీ మీద ఉన్న మనకి వివరణ అక్కర్లేదు. అది ఇల్లు కాబట్టి రోడ్డు మీద నుంచే చూడండి, గేటు తీసుకుని ఫొటోల కోసం లోపలికి వెళ్లకండి. ఒక మాట, నచ్చిన బొమ్మని ఈసారే చూసేయండి, వచ్చేసారి చూద్దాం అనుకోవద్దు. కాసా అస్త్లాన్ అనే పాత సాంఘిక కేంద్రం గోడల మీద దశాబ్దాలుగా ఉన్న బొమ్మల్ని, ఆ భవనం చేతులు మారాక, 2017లో బూడిదరంగు కొట్టి చెరిపేశారు. పేటవాళ్లు గొడవ చేస్తే మొదట గీసిన చిత్రకారుడినే పిలిపించి కొత్త బొమ్మ వేయించారు. పాతది మాత్రం పోయినట్టే. ఇళ్ల అద్దెలు పెరిగి పేట మారిపోతోందన్న బాధ అక్కడ ఎవరితో మాట్లాడినా వినిపిస్తుంది.

ఏడాదిలో ఒక్కసారే వెళ్లగలిగితే ఎప్పుడు వెళ్లాలి అంటే, నా మటుకు అక్టోబరు. ఆ మ్యూజియంలో 1987 నుంచీ ఏటా దియా దె లోస్ మువెర్తోస్, అంటే చనిపోయినవాళ్ల రోజు, దాని మీద పెద్ద ప్రదర్శన పెడతారు. పండగ నవంబరు 1, 2 తేదీల్లో, ప్రదర్శన మాత్రం సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వారాల తరబడి ఉంటుంది కాబట్టి రద్దీ లేని రోజు చూసుకోవచ్చు. మెట్లు మెట్లుగా ఒఫ్రెందాలు, అంటే పోయినవాళ్లకి నైవేద్యం పెట్టే పీఠాలు, కడతారు. పోయినవాళ్ల ఫొటో, నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, వాళ్లకి ఇష్టమైన తిండి, కత్తిరించిన రంగు కాగితాల తోరణాలు, ఇక పూలు చూడాలి, అచ్చంగా మన బంతిపూలే. మొదటి రోజు పసిపిల్లల కోసం, రెండో రోజు పెద్దవాళ్ల కోసం అంటారు. పెత్రమాస నాడు పెద్దలకి పెట్టుకునే ఇంట్లో పుట్టినవాళ్లకి ఇందులో అర్థం కానిదేమీ ఉండదు. అసలు బంతి పుట్టిల్లే మెక్సికో. అక్కడి నుంచి సముద్రాలు దాటొచ్చి మన బతుకమ్మలోకి ఎక్కింది. మా అమ్మ అమెరికా వచ్చినప్పుడు ఆ ఒఫ్రెందా ముందు నిలబడి "వీళ్లూ మనలాగే ఇష్టమైనవి వండి పెడతారన్నమాట" అని, ఇంటికెళ్లేదాకా మా తాతయ్య గురించే మాట్లాడింది.

ఇక్కడ కాస్త జాగ్రత్త కావాలి. ఇది హాలోవీన్ కాదు. కొన్ని ఒఫ్రెందాలు నిజంగా ఈమధ్యే పోయినవాళ్ల కోసం ఇంటివాళ్లు కట్టినవి ఉంటాయి. తాకకండి. అక్కడే ఎవరైనా కళ్లు తుడుచుకుంటూ ఉంటే ఫోన్ జేబులో పెట్టేయండి. నవంబరు మొదట్లో పేటలో ఆరుబయట జరిగే వేడుకల్లో ముఖానికి పుర్రె రంగు వేస్తామని ఎవరైనా పిలిస్తే వేయించుకోండి, తప్పులేదు.

పిల్సెన్ చూశాక పోర్టోరీకో వాళ్ల హంబోల్ట్ పార్క్ చూడాలి. డివిజన్ వీధిలో వెళ్లే 70 నంబరు బస్సు ఎక్కితే చాలు. వెస్టర్న్ దాటగానే రోడ్డుకి అడ్డంగా 59 అడుగుల ఎత్తు ఉక్కు జెండా కనిపిస్తుంది, కాలిఫోర్నియా వీధి దగ్గర ఇంకోటి. 1995 జనవరి 6న, క్రైస్తవుల ముగ్గురు రాజుల పండగ రోజున, వీటిని ఆవిష్కరించారు. ఆ రెంటి మధ్య ఉన్న వీధినే పాసెయో బొరీకువా అంటారు. 1966లో ఈ డివిజన్ వీధిలోనే పోలీసులకీ ఇక్కడివాళ్లకీ మధ్య పెద్ద గొడవలు జరిగాయి, ఆ జెండాలు అంత పెద్దగా ఎందుకున్నాయో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. పార్కు లోపల 1895 నాటి గుర్రపుశాలలో పోర్టోరీకో కళల మ్యూజియం ఉంది, అదీ ఉచితమే. సమయాలు మాత్రం పిల్సెన్ మ్యూజియంతో కలవవు, చూసుకుని వెళ్లండి. జూన్‌లో ఊరేగింపు, పార్కులో పండగ ఉంటాయి. ఆ రోజు కారు తీసుకెళ్తే మీ ఖర్మ.

పోర్టోరీకో సంగీతంలో నేను చూసి తీరాలనేది బోంబా. చెరకు తోటల్లో బానిసలుగా ఉన్న ఆఫ్రికా వాళ్ల నుంచి వచ్చిన ఆట అది. మన దగ్గర తాళానికి పాదం కలుపుతారు, ఇక్కడ తిరగేసి ఉంటుంది. ఆడే మనిషి డోలు ముందుకొచ్చి ఒక విసురు విసిరితే, పాదం వేస్తే, దాన్ని పట్టుకుని డోలు పలకాలి. ఆట డోలుని నడిపిస్తుంది. ఎవరు ఎవర్ని తడబెడతారా అన్న పోటీ కళ్లముందే జరుగుతుంటే కుర్చీలో కూర్చోలేం. 1971 నుంచీ ఉన్న సెగుందో రూయీస్ బెల్విస్ సాంస్కృతిక కేంద్రంలో దీన్ని నేర్పుతారు. రాకపోయినా సిగ్గుపడక్కర్లేదు, కానీ ఆడుతున్నవాళ్లకీ డోలుకీ మధ్య నుంచి నడిచి వెళ్లొద్దు.

ఇంట్లో కూర్చుని సినిమాలు చూసే రకం అయితే ఏప్రిల్ కోసం ఆగండి. చికాగో లాటినో ఫిల్మ్ ఫెస్టివల్ 1985లో 14 సినిమాలతో మొదలైంది, ఓ సిమెంటు గోడనే తెరగా చేసి ఐదొందల మందికి చూపించారట. ఇప్పుడు ఎన్నో లాటిన్ అమెరికా దేశాల నుంచి సినిమాలు వస్తాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి కాబట్టి భాష టెన్షన్ లేదు. నా సలహా ఏంటంటే, ప్రారంభోత్సవానికీ ముగింపుకీ వెళ్లకండి, అక్కడ టికెట్ ఖరీదు, సందడి ఎక్కువ, సినిమా తక్కువ. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆటకి వెళ్లండి, దర్శకుడు వచ్చే రోజు చూసుకుని వెళ్తే ఇంకా మంచిది, సినిమా అయ్యాక జనం అడిగే ప్రశ్నలు కొన్నిసార్లు సినిమా కంటే బాగుంటాయి. నాటకాలకైతే శరదృతువులో దెస్తీనోస్ ఉత్సవం, 2017లో మొదలైంది. కొన్ని నాటకాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, కొన్ని స్పానిష్‌లో ఆడుతూ పైన తెర మీద ఇంగ్లీషు వేస్తారు. టికెట్ కొనేముందు ఏ రోజు ఏ భాషో చూసుకోవాలి.

సెప్టెంబరు సంగతి కాస్త వేరు. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా అమెరికా అంతటా హిస్పానిక్ వారసత్వ మాసం. నెల మధ్యలో మొదలవడానికి కారణం, మధ్య అమెరికా దేశాలు చాలావాటికి 15వ తేదీ, మెక్సికోకి 16 స్వాతంత్ర్య దినాలు. ఆ రోజుల్లో 26వ వీధిలో, లిటిల్ విలేజ్‌లో, మెక్సికన్ ఊరేగింపు జరుగుతుంది. గుర్రాలు, మరియాచీ అనే మెక్సికన్ మేళం వాళ్లు, జరీ బట్టల్లో పిల్లలు. 60 నంబరు బస్సు ఆ వీధికి వెళ్తుంది కానీ ఊరేగింపు రోజు దారి మళ్లిస్తారు. రాత్రిళ్లు జెండాలు కట్టిన కార్లు బారులుగా డౌన్‌టౌన్‌కి వస్తాయి, రోడ్లు మూసేస్తారు, ఆ వారం అటు వైపు కారులో డిన్నర్ ప్లాన్ పెట్టుకోకండి. ఇంకోటి, తేదీలు పోయినేడాది పోస్టర్ చూసి నమ్మొద్దు. 2025లో ఇమిగ్రేషన్ దాడుల భయంతో గ్రాంట్ పార్క్‌లో జరగాల్సిన ఎల్ గ్రీతో అనే మెక్సికో స్వాతంత్ర్య వేడుకనే వాయిదా వేశారు. అదే కారణం వల్ల జనం ముఖాలు దగ్గరగా కనిపించే వీడియోలు అడగకుండా తీయకండి, పెట్టకండి.

భాష గురించి భయపడేవాళ్లకి ఒక శుభవార్త. స్పానిష్ త, ద మన త, దలే. ఇంగ్లీషు వాళ్లు "టమాలీస్" (మొక్కజొన్న పొట్టులో చుట్టి ఉడికించిన పిండి) అంటూ నాలుక మడతపెడితే మనం "తమాలెస్" అని సరిగ్గా అనేస్తాం, అమ్మే ఆవిడ ముఖంలో నవ్వు చూడొచ్చు. హెచ్ అక్షరం పలకరు, జె అక్షరాన్ని హ అంటారు, రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే య. అందుకే ఎక్టర్, హిబరీతో, లా వియీతా (లిటిల్ విలేజ్‌కి స్పానిష్ పేరు).

హిబరీతో అన్నాను కదా, అది 1990లలో ఇక్కడ హంబోల్ట్ పార్క్‌లో పేరొచ్చిన శాండ్‌విచ్, బ్రెడ్ బదులు కూర అరటికాయని వేయించి అణిచి రెండు పలకలుగా పెడతారు. మాంసం లేకుండా కూడా చేసేవాళ్లున్నారు, అడగండి. శాకాహారులకి అసలు గండం బీన్స్ దగ్గర ఉంది. చూడ్డానికి పప్పులాగే ఉంటుంది, అందులో పందికొవ్వు ఉండొచ్చు. రెండేళ్లు ఒకచోట ఆనందంగా తిని, తర్వాత తెలిసి నోట మాట రాలేదు నాకు. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని మాత్రమే, కొవ్వు దాని లెక్కలోకి రాదు. "తియెనె మాంతెకా?" అని విడిగా అడగాలి, మాంతెకా అంటే ఆ కొవ్వే. అన్నం కూడా కోడి రసంలో వండుతారు చాలాచోట్ల. మొక్కజొన్న పొత్తు, పండు ముక్కల మీద కారం నిమ్మరసం, ఇవి ఏ గొడవా లేనివి. పొత్తుకి మాయొనీస్ పూస్తారు, గుడ్డు తినకపోతే ముందే చెప్పండి. తమాలెస్‌లో పచ్చిమిరప చీలికలు, చీజ్ పెట్టినవి దొరుకుతాయి, కానీ ఆ పిండిలోనూ మాంతెకా సంగతి అడగాల్సిందే. వాటిని అమ్మేవాళ్లు పొద్దున్నే వస్తారు, సరుకు అయిపోగానే వెళ్లిపోతారు. అందుకని ఆదివారం పిల్సెన్ ప్రయాణం తమాలెస్‌తో మొదలుపెట్టి తర్వాత మ్యూజియంకి వెళ్లండి, జేబులో చిల్లర నోట్లు ఉంచుకోండి. పైనున్న మొక్కజొన్న పొట్టు మాత్రం విప్పి పారేయాలి, పొట్టిక్కల మీద పనసాకు తీసినట్టు. మా బాబాయి దాన్నీ కలిపి నమిలి "కాస్త పీచుగా ఉందిరా" అన్నాడు.