ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరిశోధన: ఎంబీబీఎస్ విద్యార్థుల దరఖాస్తు విధానం

భారత వైద్య పరిశోధన మండలి 1979లో ప్రారంభించిన స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన పథకాన్ని కళాశాలల్లో అందరూ ఎస్‌టీఎస్ (షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్) అనే పిలుస్తారు. తిరుపతి, చిత్తూరు వైద్య కళాశాలల విద్యార్థుల్లో ఎక్కువ మంది బోధనాసుపత్రి వార్డుల్లో దొరికే అంశాలనే ఎంచుకుంటారు. అయితే జనం మొదట వెళ్లేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే కాబట్టి, అక్కడి వైద్యంపై అధ్యయనం చేయదలచినవారికి ఉపయోగపడేలా ఈ విధానాన్ని వివరిస్తున్నాం.

చివరి సంవత్సరం విద్యార్థులు, హౌస్ సర్జన్లు ఈ పథకానికి అర్హులు కారు. గైడ్‌గా మీ కళాశాలలో పూర్తికాలం పనిచేసే అధ్యాపకులే ఉండాలి. పీజీ విద్యార్థులు గైడ్‌గా ఉండటానికి వీల్లేదు. ఒక గైడ్ కింద ఒక్క విద్యార్థికే అవకాశం ఉంటుంది కనుక, దరఖాస్తుల ప్రకటన వెలువడక ముందే కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలోని అధ్యాపకులను కలిసి మాట్లాడుకోవడం మంచిది.

అసలు శ్రమంతా ప్రతిపాదన రాయడంలోనే ఉంది. పరిశోధన పూర్తి చేయడానికి ఉండేది 2 నెలలు మాత్రమే. ఉదాహరణకు, చంద్రగిరి మండలంలోని ఒక ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్రలను క్రమం తప్పకుండా వేసుకుంటున్నవారు ఎంత శాతమో తెలుసుకోవాలనుకుందాం. ఆ శాతాన్ని 50గా అంచనా వేసి, 10 శాతం అటూ ఇటూ తేడాను అనుమతిస్తే సుమారు 100 మంది సరిపోతారు. తేడాను 5 శాతానికి తగ్గిస్తే 400 మంది కావాలి. ఒక్క విద్యార్థి తరగతులకు హాజరవుతూ 400 మందిని కలవడం కష్టం. సంఖ్య కంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఓపీకి వచ్చినవారిని మాత్రమే అడిగితే, మాత్రలు మానేసి రావడమే మానుకున్నవారు లెక్కలోకి రారు. అందువల్ల ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల వద్ద ఉండే జాబితా నుంచి పేర్లు ఎంచుకుని ఇళ్లకు వెళ్లి కలుస్తామని పద్ధతి భాగంలో స్పష్టంగా రాయాలి. బీపీ చూసేముందు 5 నిమిషాలు కూర్చోబెట్టడం, చేయి గుండె ఎత్తులో ఉంచడం, రెండుసార్లు కొలవడం వంటి వివరాలు కూడా అక్కడే ఉండాలి. ప్రతిపాదనలో ఎక్కడా మీ పేరు గానీ, గైడ్ పేరు గానీ, కళాశాల పేరు గానీ కనిపించకూడదు.

ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్నాక, విద్యార్థి, గైడ్, కళాశాల అధిపతి సంతకాలు చేసిన ధ్రువీకరణ పత్రాన్ని ప్రకటనలో చెప్పిన గడువులోగా అప్‌లోడ్ చేయాలి.

దరఖాస్తు ఎంపికైనంత మాత్రాన ఆరోగ్య కేంద్రంలో అడుగుపెట్టకూడదు. కళాశాల నైతిక విలువల కమిటీ (ఎథిక్స్ కమిటీ) ఆమోదం వచ్చిన తరువాతే వివరాల సేకరణ మొదలుపెట్టాలి. దానితోపాటు విభాగాధిపతి ద్వారా జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి లేఖ పంపి అనుమతి తీసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లాగా ఏర్పడింది కాబట్టి, చంద్రగిరి మండలానికి తిరుపతిలోని కార్యాలయంలో, బంగారుపాళ్యం మండలానికి చిత్తూరులోని కార్యాలయంలో విన్నవించుకోవాలి. ఆ అనుమతి పత్రం నకలును మెడికల్ ఆఫీసర్‌కు స్వయంగా అందజేసి, ఓపీ రద్దీ తక్కువగా ఉండే వేళలు అడిగి తెలుసుకుంటే సిబ్బంది పనికి అడ్డు రాకుండా ఉంటుంది.

సమ్మతి పత్రం తెలుగులో, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో ఉండాలి. చదవడం రానివారికి పూర్తిగా చదివి వినిపించి, సంబంధం లేని ఒక సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకోవాలి. ‘వద్దు’ అన్నవారికి అందే మందుల్లో ఏ మార్పూ ఉండదని నోటితో కూడా చెప్పాలి. తెల్లకోటు చూసి కాదనలేక ఒప్పుకునే పెద్దవాళ్లు చాలామంది ఉంటారు.

పని ముగిశాక, నైతిక కమిటీ ఆమోద పత్రాన్ని జతచేసి గడువులోగా నివేదిక సమర్పించాలి. నివేదిక ఆమోదం పొందితేనే స్టైపెండ్, ధ్రువపత్రం అందుతాయి. రోగుల పేర్లు లేకుండా ఫలితాల సారాంశాన్ని ఒక పేజీలో తెలుగులో రాసి, ఆ ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసర్‌కూ ఏఎన్ఎంలకూ ఇవ్వాలి.